కురచ వాకిలి

"ఏమప్పా ఇంజనీరూ, దీంట్లో వెనక వాకిలి యాడ?"

కృష్ణప్ప ప్లాను కాగితాన్ని అరుగుమీద పరిచి, గీసిన ఇంటి చుట్టూ వేలు తిప్పాడు. రాయకోటలో ఆయన కట్టబోయే కొత్త ఇల్లు అది. గీసింది తిమ్మరాయప్ప. మద్రాసులో ఇండ్లు గీసే చదువు చదువుతున్నాడు. వాడి నాయన సిద్దప్పది కృష్ణప్ప పశువుల కొట్టంలో పని. అందుకే ఎంత ఇంజనీరైనా తిమ్మరాయప్ప అరుగు కిందే నిలబడి జవాబు చెప్పాడు.

"వెనక వాకిలి లేదు సామీ. ఒకటే వాకిలి. ఇంటాయనైనా, రాగుల మూట మోసేవాడైనా దాంట్లోనే పోవాల. కాలేజీలో నేను చేసిన డిజైన్‌లో ఆలోచనే అది. మా ప్రొఫెసరు మెచ్చుకొని గోడకు తగిలించినాడు."

"గోడకు తగిలించిన ఇంట్లో ఎవురూ కాపురం చెయ్యరులే. ఈ ఇంట్లో నేనుండాల. మీవాళ్లు మూటలెత్తుకొని నా తలవాకిట్లో తొక్కుకుంటా వస్తే, నేను గోడ దూకి పోవాల్నా?"

అరుగుమీద కూర్చున్నవాళ్లు పగలబడి నవ్వారు. తిమ్మరాయప్ప చెవులు భగ్గుమన్నాయి.

"వెనకపక్క ధాన్యం గదికి ఒక వాకిలి పెట్టు. ఎత్తు ఎంతంటే... ఏయ్ సిద్దప్పా, ఇట్లరా!"

సిద్దప్ప తలగుడ్డ విప్పి చంకలో పెట్టుకొని వచ్చి నిలబడ్డాడు. కృష్ణప్ప అతనికంటే జానెడు పొడుగు. మీద చెయ్యి తగలకుండా చేతికర్రను అడ్డంగా అతని గొంతుకెదురుగా పట్టాడు.

"ఇంత. దీనికి పైన వద్దు. ఆ దోవన వచ్చేవాడు తల వంచి రావాల. ముందర మాత్రం మెట్లు ఎత్తుగా పెట్టు. అద్దంలా నునుపు తీసిన రాయి వెయ్యి. వీధిలో పోయేవాడు తలెత్తి చూడాల."

"అది కొట్టం వాకిలి ఎత్తు సామీ. మనిషి వాకిలి కాదు."

"నేను చెప్పింది గియ్యి."

"గియ్యను. మనుషుల్ని వంచేదానికి కాదు నేను చదివేది."

అరుగుమీద నవ్వు ఆగిపోయింది. కృష్ణప్ప వాడిమీద అరవలేదు. సిద్దప్ప వైపు తిరిగాడు.

"రేపట్నుంచి కొట్టంలోకి రావద్దు. చెంద్రిని ఇంకొకడు చూసుకుంటాడు."

చెంద్రి ఆవు. పుట్టగానే తల్లి పోతే సిద్దప్ప గుడ్డ తడిపి పాలు చప్పరింపజేసి బతికించిన ఆవు. అతను లేనిదే గడ్డి ముట్టదు.

దోవలో సిద్దప్ప మెల్లగా అన్నాడు. "గీసియ్యి నాయనా. నువ్వు గియ్యకుంటే ఇంకొకడు గీస్తాడు."

"నీ గొంతు కాడ కర్ర పెట్టి కొలిచినాడు! నీకు రోషం లేదా?"

"ఉండాది. రోషానికి కుడితి పెట్టే పని లేదు. చెంద్రికి పెట్టాల."

ఆ రాత్రి తిమ్మరాయప్ప ప్లాను ముందరేసుకొని కూర్చున్నాడు. ఆ వాకిలి గీస్తుంటే పెన్సిలు మొన పుటుక్కుమంది. చెక్కుకొని మళ్లీ గీశాడు. కాగితం చిరిగేంతగా అదిమి గీశాడు. ప్లాను చేతికందాక కృష్ణప్ప సిద్దప్పను మళ్లీ కొట్టంలోకి రానిచ్చాడు.

గృహప్రవేశం రోజున హోసూరు నుంచి వచ్చిన వియ్యంకుడు ఇంటిని కిందినుంచి పైదాకా చూసి, "ఎవురు గీసినారు బావా?" అన్నాడు.

"మద్రాసు ఇంజనీరులే" అన్నాడు కృష్ణప్ప. పందిరి బయట ఎండలో నిలబడ్డ తిమ్మరాయప్పను చూస్తూనే అన్నాడు.

సిద్దప్ప చెంద్రిని కడిగి, కొమ్ములకు పసుపు పూసి, మెట్ల దాకా నడిపించుకొచ్చాడు. కృష్ణప్ప గద్దించాడు.

"పలుపు మా వాడి చేతికిచ్చి నువ్వు వెనక్కి పో. ముహూర్తం పూట నీ చెయ్యి పడకూడదు. నీ వాకిలి కాడ నిలబడు."

"రోజూ కుడితి పెట్టేది ఆ చెయ్యే కదా సామీ!" అన్నాడు తిమ్మరాయప్ప.

"నువ్వు కూడా పో, వెనక్కే!"

సిద్దప్ప తన కొడుకు రెక్క పట్టుకొని ఇంటి వెనక్కి లాక్కుపోయాడు.

పూజారి గంట వాయించాడు. "ఆవు ముందు పోవాల. ఏ వాకిట్లో ఆవు అడుగు పెడితే అదే లక్ష్మి వచ్చే వాకిలి. దాని వెనకే, దాంట్లోనే, దంపతులు రావాల."

కృష్ణప్ప కొడుకు పలుపు లాగాడు. చెంద్రి ముందుకాలు మెట్టుమీద పెట్టింది. సర్రున జారింది. వెనక్కి తన్నుకుంది. ఇద్దరు తొడలకు భుజాలానించి నెట్టారు. ఇంకొకడు తోక మెలిపెట్టాడు.

"తిండి దండగ నాకొడకా, గట్టిగా పట్టు!" కృష్ణప్ప తన కొడుకు మీద విరుచుకుపడ్డాడు.

చెంద్రి మెడ చాచి అంబా అని అరిచింది. ఇంటి వెనకనుంచి, అలవాటు కొద్దీ, సిద్దప్ప "ఓ" అని పలికాడు.

అంతే. పలుపు ఊడింది. పట్టుచీరలు చెల్లాచెదరయ్యాయి. ఆవు ఇల్లు చుట్టుకొని పరిగెత్తింది, వెనకే జనం. రోజూ దూరే కొట్టం వాకిలి ఎంత కురచో ఇదీ అంతే. పక్కన రోజూ నిలబడే మనిషే నిలబడున్నాడు. చెంద్రి కొమ్ములు దించి తిన్నగా లోపలికి దూరింది.

"లాగండిరా దాన్ని బయటికి! ముందునుంచి మళ్లా తోలండి!" కృష్ణప్ప గొంతు చీరుకుపోయింది.

పూజారి రెండు చేతులూ అడ్డం పెట్టాడు. "ఇంట్లోకొచ్చిన లక్ష్మిని తాడేసి ఈడ్చుకుంటారా? ముహూర్తం దాటిపోతాది. రండి, ఇట్లే రండి."

చేతుల్లో దేవుడి పటం, తలకు జరీ తలపాగా, పక్కన కలశం పట్టుకున్న భార్య. కృష్ణప్ప వెనక వాకిలి ముందుకొచ్చి నిలబడ్డాడు. ఊరంతా చూస్తోంది. తిమ్మరాయప్ప బిగించిన పిడికిలి విప్పకుండా ఆయన ముఖంలోకే చూస్తున్నాడు.

సిద్దప్ప మాత్రం తలగుడ్డ విప్పి చంకలో పెట్టుకొని, గోడకు ఒదిగి దోవ ఇచ్చి, ఎప్పటి మర్యాదతోనే అన్నాడు.

"తల బాగా వంచండి సామీ. వాకిలి కురచ."