తారుమారైన పైపులు

నిరంజన్ లివర్ వెనక్కి లాగాడు. పైకి లేవాల్సిన బకెట్ కిందికి దిగి, అడుగున ఆసరాగా పెట్టిన ఖాళీ డ్రమ్మును అప్పడంలా నలిపేసింది.

అతను గబుక్కున లివర్ వదిలేశాడు. "మళ్ళీనా?"

గుర్‌గావ్ శివార్లలోని ఆ వర్క్‌షాపులో కొత్త ట్రాక్టరుకి లోడర్ తగిలించారు. దాని బకెట్‌ను ఎత్తి దించేవి రెండు హైడ్రాలిక్ పైపులు. ఒకదాంట్లో నూనె తోస్తే బకెట్ లేస్తుంది, రెండోదాంట్లో తోస్తే దిగుతుంది. పైపులు తారుమారైతే లివరూ తారుమారే. లాగితే పైకి, నెడితే కిందికి అని బాణం గుర్తులతో లివర్ పక్కనే రేకు కూడా కొట్టారు.

పొద్దున ఆ పైపులు బిగించింది నిరంజనే. నడిపి చూసిందీ అతనే. సరిగ్గానే పనిచేసింది. ఫోన్ మాట్లాడి వచ్చేసరికి తలకిందులైంది. విప్పి మార్చాడు. చేతులు కడుక్కుని వచ్చేసరికి మళ్ళీ ఇలా. తనే తప్పు బిగించాడా? అలాగైతే అప్పుడెలా పనిచేసింది? బండికి దయ్యం పట్టిందా?

"లోపట వాల్వ్ ఖరాబైందేమో సారూ," అన్నాడు డ్రైవర్ దశరథ్, చక్రానికి ఆనుకుని ఖైనీ నలుపుతూ.

"వాల్వ్ పాడైతే నూనె కారుద్ది దశరథ్. దారి మార్చుకోదు."

"అచ్ఛా? ఏమో, కొత్త మాల్. ఏం జెప్పొస్తది."

నిరంజన్‌కి ఏమీ పాలుపోలేదు. కాసేపట్లో సర్కారు నర్సరీల అధికారి లక్ష్మీపతి బండి చూడటానికి వస్తున్నారు. ఆయన ముందు బండి నడిపి చూపించేది దశరథే. ఆయనకు నచ్చితే పెద్ద ఆర్డర్. "ఆర్డర్ పోయిందనుకో, నేను గేటు లోపల, నువ్వు గేటు బయట," అని యజమాని కనకయ్య నవ్వుతూనే చెప్పాడు. ఆ నవ్వు నిరంజన్‌కి నచ్చలేదు.

పైపులు మళ్ళీ మార్చాడు. లాగితే బకెట్ లేచింది. నలిగిన డ్రమ్ము స్థానంలో ఇంకోటి పెట్టించి, బకెట్‌ను దానిమీదికి దించి ఇంజన్ ఆపాడు. "టీ తాగొస్తా," అని అందరికీ వినబడేలా చెప్పి, గోడ చాటున నిలబడ్డాడు.

ఎక్కువసేపు ఆగక్కర్లేకపోయింది. దశరథ్ అటూ ఇటూ చూసి, సీటు కింద నుంచి స్పానర్ తీశాడు.

"దొరికావ్!" నిరంజన్ ఒక్క ఉరుకున వెళ్ళి అతని చెయ్యి పట్టుకున్నాడు. "ఎవడు పెట్టించాడీ పని? వేరే కంపెనీ వాడా?"

"అయ్యో, గసుంటిదేం లేదు సారూ! నీ కాల్మొక్త."

"మరెందుకు?"

దశరథ్ తల దించుకున్నాడు. "నేను లోడర్ నేర్చుకున్నది ఝజ్జర్ ఇటుకబట్టీల. ఆ బండికి ఎవడో పైపులు ఉల్టా బిగిచ్చిండు. నెడితే లేస్తది, లాగితే దిగుతది. ఏండ్ల సంది గదే నడిపిన. ఇప్పుడు బకెట్ లేవాలె అనుకుంటే నా చెయ్యి దానంతట అదే నెడ్తది. సీదా బండి నడపరాదంటే సేటు నన్ను ఉంచుతడా? అందుకే ఎవ్వలికి చెప్పలె."

"నీ చేతి కోసం బండి మార్చేస్తావా? లివర్ పక్కన బాణాలు ఇంతింత ఉన్నాయి. రేకు ఒకటి చెప్పి, బండి ఇంకోటి చేస్తే వచ్చే ఆఫీసరు నవ్విపోరూ?"

"మరి నా చెయ్యి?"

"చేతికి బుద్ధి చెప్పు. లాగితే పైకి. ఏదీ, అను."

"లాగితే పైకి."

"పైపుల మీద చెయ్యి వేశావంటే చూడు! పో, మొహం కడుక్కుని రా."

దశరథ్ కళ్ళొత్తుకుంటూ వెళ్ళిపోయాడు. నిరంజన్ ఒక్కడే మిగిలాడు. అతని చూపు నలిగిన డ్రమ్ము మీద పడింది. ఏళ్ల తరబడి పాతుకున్న అలవాటు ఈ పూటకి పోతుందా? అధికారి ముందు కంగారులో చెయ్యి పాత దారే పడితే? ఆ సమయానికి బకెట్ దగ్గర ఆయన నిలబడి ఉంటే?

నిరంజన్ స్పానర్ అందుకున్నాడు. పైపులు విప్పి, దశరథ్ చేతికి తగ్గట్టు ఉల్టాగా బిగించేశాడు. బాణాల రేకు మీద తుడుచుకునే గుడ్డ ఒకటి కప్పాడు.

దశరథ్‌కి చెప్పాలా? అంత అరిచి, ఇప్పుడు నీ మాటే నెగ్గిందని చెప్పడానికి అతనికి నోరు రాలేదు. అయినా చెప్పేదేముంది? చెయ్యి తన పని తాను చేసుకుపోతుంది.

గేటు దగ్గర కారు ఆగింది. కనకయ్య ఎదురెళ్ళి లక్ష్మీపతిని తీసుకొచ్చాడు. దశరథ్ అప్పటికే సీటెక్కి ఇంజన్ స్టార్ట్ చేశాడు.

"ఏ ఊరోయ్ మీది?" అన్నారు లక్ష్మీపతి నిరంజన్‌తో.

"తణుకు సార్."

"అలా చెప్పు! మాది భీమవరం." ఆయన చనువుగా నిరంజన్ భుజం తట్టి, వంగి బకెట్ కిందికి దూరారు. "అసలు సరుకంతా అడుగునే ఉంటుంది. కాస్త పైకి ఎత్తించు, ఇక్కణ్ణుంచే చూస్తాను."

"లేచాక చూద్దురుగాని. బయటికి రండి సార్," అన్నాడు నిరంజన్.

"ఏం, మీ బండి మీద మీకే నమ్మకం లేదా?"

కనకయ్య గుర్రుగా చూశాడు. నిరంజన్ సీటు వైపు చూశాడు. దశరథ్ కళ్ళు మూసుకున్నాడు. పెదవులు ఏదో గొణుగుతున్నాయి. దేవుడికి దణ్ణం పెట్టుకుంటున్నాడు కాబోలు. పెట్టుకోనీ. పైపులు ఇప్పుడు ఆ చేతికి తగ్గట్టే ఉన్నాయి.

"నమ్మకం లేకేం సార్," అని నిరంజన్ ధీమాగా చెయ్యి ఊపాడు.

దశరథ్ కళ్ళు తెరిచి, మొహమంతా నవ్వు చేసుకున్నాడు.

"ఫికర్ జెయ్యకు సారూ, చేతికి బుద్ధి జెప్పిన!" అని అరిచి, లివర్‌ను గట్టిగా వెనక్కి లాగాడు.