ఎడమచేతికి తెలియకుండా

"రెండో రొట్టె ఎవరికమ్మా?" నవ్వుతూ అడిగారు అయ్యగారు.

పిన్ని కుట్టుమిషను ఆపలేదు. చిన్నాపెద్దా అందరూ ఆమెను పిన్ని అనే పిలుస్తారు. యాభై దాటిన ఒంటి మనిషి. బట్టలు కుట్టి, ఇస్త్రీ చేసి బతుకుతోంది. అయ్యగారు ఆ వీధి చివర చర్చికి పాస్టరు. తన భార్య, అమ్మగారు, పుట్టింటికి వెళ్ళిందంటూ, ఆరాధనకు వేసుకునే తెల్ల అంగీ కోసం ఆ మధ్యాహ్నం తానే వచ్చారు. అంగీ చేతికిచ్చి పావుగంటయినా కుర్చీలోంచి లేవలేదు.

"ఏ రొట్టె అయ్యగారూ?"

"బేకరీ అతను చెప్పాడులే. వారం నుంచి రోజూ రెండు కొంటున్నావట. మందుల షాపులో దూది, కట్టుగుడ్డ, దెబ్బలకు రాసే మందు. ఎవరో దిక్కులేని ప్రాణిని చేరదీసినట్టున్నావు."

మిషను తొక్కే కాలు ఒక్క క్షణం ఆగి, మళ్ళీ కదిలింది.

"తప్పు పట్టడం లేదమ్మా. ఆదివారం సంఘం ముందు నిన్ను నిలబెట్టాలని నా ఆశ. నలుగురూ చూస్తే నలుగురూ నేర్చుకుంటారు."

"కుడిచెయ్యి చేసేది ఎడమచేతికి తెలియకూడదని మీరే కదండీ చెప్పారు?"

"దీపం వెలిగించి కుంచం కింద పెట్టరని కూడా చెప్పాను."

పొగడ్తంటే పిన్నికి భయం. చాలా ఏళ్ళ కిందట, మంచాన పడ్డ ఒక ముసలి మేస్త్రీకి ఆరునెలలు ఒళ్ళు తుడిచి, ముద్ద నోట పెట్టింది. అప్పటి సంఘపెద్దలు ఆమెకు సన్మానం చేశారు. మేస్త్రీని కూడా మోసుకొచ్చి పక్కన కూర్చోబెట్టి, ఫొటో తీసి చర్చి గోడకు తగిలించారు. "ఊరంతా నన్ను చూసి అయ్యో పాపం అంటోందే" అని ఆ మనిషి గోడవైపు తిరిగి పడుకున్నాడు. మళ్ళీ ఎవరితోనూ మాట్లాడకుండానే పోయాడు. చేసిన మేలు చెప్పుకోకూడదని ఆ రోజే ఆమె ఒట్టు పెట్టుకుంది.

"చెప్పుకునేంత గొప్ప ఏం లేదండీ. ఈమధ్య ఆకలెక్కువై రెండు రొట్టెలూ నేనే తింటున్నాను."

అయ్యగారు పెద్దగా నవ్వారు. "కట్టుగుడ్డ కూడా తింటున్నావా?"

పిన్ని కూడా నవ్వబోయింది. అప్పుడే లోపలి గదిలో సన్నగా గిన్నె జరిగిన చప్పుడైంది. ఆమె మిషను జోరుగా తొక్కింది.

"సూది కింద గుడ్డ లేదమ్మా," మెల్లగా అన్నారు అయ్యగారు.

ఆయన లేచారు. అంగీ చేతి మీద వేసుకుని లోపలి గది తెరవైపు నడిచారు.

"వద్దండీ, లోపలంతా చిందరవందరగా ఉంది."

"నా దగ్గర మొహమాటమేమిటి? ఒక్క ప్రార్థన చేసి వెళ్తాను. చూడనీ."

ఆయన వేళ్ళు తెర అంచును పట్టుకున్నాయి.

బల్ల మీద ఇస్త్రీపెట్టె ఇంకా కాలుతూనే ఉంది. పిన్ని తన ఎడమ అరచేతిని దాని అడుగుకు ఆనించింది.

ఆ కేకకు వీధి వీధంతా పరుగెత్తుకొచ్చింది. గుమ్మం నిండా జనం. అయ్యగారి చెయ్యి తెరను వదిలేసింది. "నీళ్ళు! చన్నీళ్ళు తెండి!" అని అరిచిందీ ఆయనే, పిన్ని చేతిని గిన్నెలో ముంచి పట్టుకున్నదీ ఆయనే. కళ్ళు మూసుకుని గట్టిగా ప్రార్థన చేశారు. అందరూ ఆమెన్ అన్నారు.

"కన్నతండ్రి కూడా ఇంత చెయ్యడు. బంగారంలాంటి మనిషి," అంది పక్కింటావిడ కళ్ళొత్తుకుంటూ.

అయ్యగారు పిన్ని చెవి దగ్గరికి వంగారు. చూసేవాళ్ళకు ఓదారుస్తున్నట్టే ఉంది.

"ఆదివారం అందరి ముందూ అడుగుతాను. దేవుని సన్నిధిలో అబద్ధమాడవు కదా?"

"అలాగేనండీ," అంది పిన్ని పళ్ళు బిగబట్టి. ఆ రోజు గురువారం. మధ్యలో రెండు రోజులున్నాయి. రెండు రోజులు చాలు అనుకుంది.

అందరూ వెళ్ళాక గడియ వేసింది. కాలిన చెయ్యి గుండెకు హత్తుకుని, కుడిచేత్తో, తొడతో నెట్టి మిషనును తలుపుకు అడ్డం పెట్టింది. అప్పుడు తెర తొలగించింది.

ట్రంకుపెట్టెకీ గోడకీ మధ్య చీకట్లోంచి కట్టు కట్టిన తల నెమ్మదిగా పైకి లేచింది. వణికే గొంతు గుసగుసగా అడిగింది.

"వెళ్ళిపోయారా మా ఆయన?"