లేదని రాసిన అడవి

ఇలా దగ్గరగా జరిగి కూర్చోండి తల్లీ, నూకరత్నం సంగతి చెబుతాను. పరాయి దేశాల పరిశోధన నిధులు రావాలన్నా, అక్కడి పండితులతో జోడీ కుదరాలన్నా, అప్పట్లో పెళ్లిళ్ల పేరయ్యలాంటి యంత్రాన్నే అడగాలి. ఒక యంత్రానికి చెప్పింది అన్ని యంత్రాలకూ తెలిసిపోయే రోజులవి. గోదావరి సముద్రంలో కలిసే మొగలో మిగిలిన మడ చెట్లను బతికించాలని తపించే నూకరత్నాన్ని అది తొమ్మిదేళ్లు తిప్పిపంపింది. పదో ఏడు, పూర్తిగా పోయిన అడవులను మళ్లీ పెంచడానికే నిధులిస్తానంది.

పడవ నడిపే ఏసుబాబు నవ్వాడు. "పోయిందని రాసెయ్యండి మేడమ్ గారూ. అదేవన్నా వచ్చి చూత్తాదేటండీ?"

"చూడదయ్యా, నమ్ముతుంది. అదే నా భయం."

అయినా చెట్లు ఎండిపోతుంటే ఆగలేక, అడవి లేదని రాసింది. పొద్దు గూకేలోగా నాలుగు దేశాల పండితులు కుదిరారు, నిధులూ వచ్చాయి. వారం తిరక్కుండా మడ మొలకలు పడవకెత్తుకుని ఇద్దరూ ఆ అడవికి బయలుదేరారు.

అక్కడ రొయ్యల చెరువుల కోసం తవ్వే యంత్రాలు చెట్లను పెళ్లగిస్తున్నాయి. నూకరత్నం అడ్డంపడి అరిచింది. ఒకటి మర్యాదగా ఆగింది.

"ఇక్కడ అడవి లేదండీ. మీరే రాశారు కదా" అని మళ్లీ పనిలో పడింది.

ఆ అడవి ఇప్పుడు ఏ రాతలోనూ లేదు తల్లీ. మీరైనా గుర్తుంచుకుని, మీ తర్వాతివాళ్లకు చెప్పండి.