మునిగినవాడి సాక్ష్యం

మూడు చొక్కాలు మార్చాను. ఏది వేసుకున్నా అద్దంలో అదే మొహం, ఏం చేస్తాం!

సాయంత్రం యువ వికాస సంఘం వాళ్లు పిల్లలకి పతకాలిస్తున్నారు. సాహస పతకానికి పిట్ట పేరుంది. పిట్టంటే పదిహేనేళ్ల పిల్ల, గాలేస్తే ఎగిరిపోయేలా ఉంటుంది. మునిగిపోతున్న మనిషిని గట్టుకి లాగింది. ఆ మనిషిని నేనే. తొంభై రెండు కిలోలు.

ఆ మధ్య ఓ ఉదయం ఆరింటికి ఈతకొలను గట్టు మీద నడుస్తుంటే నా చెప్పు జారి లోతు వైపు పడింది. అందుకోబోయాను. చెప్పు తేలింది, నేను మునిగాను. అప్పటికి వచ్చింది పిట్ట ఒక్కతే. దూకి, జుట్టు పట్టుకుని లాక్కొచ్చింది. నాకున్న నాలుగు వెంట్రుకలూ ఆ రోజు పనికొచ్చాయి. నీళ్లు కక్కుతూ నేనన్న మొదటి మాట, "ఎవరికీ చెప్పకమ్మా!"

గేటు దగ్గర్నుంచి చూసిన వాచ్‌మన్ ఊరుకోలేదు. సంఘానికి కబురు పెట్టాడు. కాపాడింది పిట్టేనని అతని కంటికి ఆనింది గానీ, ఆ బరువు ఎవరిదో ఆనలేదు.

సంఘం వాళ్లకేమో ఓ నియమం. బతికిన మనిషే వేదికెక్కి చెప్పాలి. పోయినేడాది ఒకడు పక్కింటి పిల్లిని కాపాడానని పతకం కొట్టేశాడు. ఆ పిల్లి అసలు గోడే దిగలేదట.

నేనొచ్చి చెప్పక తప్పదా అని నిన్న పిట్టని అడిగాను.

"మీకిష్టం లేకపోతే వద్దులెండి. పతకం రాకపోతే కొంపేం మునగదు" అంది, తల దించుకుని.

పతకం వచ్చినవాళ్లకే వేసవి శిక్షణ శిబిరంలో చోటు. రెండేళ్లుగా ఆ పిల్ల దానికోసమే కాచుక్కూర్చుంది. ఆ సంగతి నాకు బాగా తెలుసు.

"వెళ్లి చెప్పి రండి" అంది మా ఆవిడ. "ఆ పిల్లే లేకపోతే ఈపాటికి మీ ఫొటో తుడుచుకుంటూ ఉండేదాన్ని."

"రేపట్నుంచి నా మొహం చూసి ఎవరొస్తారే?"

"రాకపోతే మానె. ప్రాణం కన్నా పరువెక్కువా?"

హాలు నిండిపోయింది. పై ఊరి నుంచి వచ్చిన అధ్యక్షురాలు మైకు అందుకుంది.

"ఈ అమ్మాయి కాపాడిన మనిషి వచ్చారా?"

ఎవరూ కదల్లేదు. పిట్ట వేదిక మీద ఉత్త చేతులతో నిలబడింది. నా వైపు చూడనైనా చూడలేదు. సిగ్గేసింది నాకు. లేచి వేదికెక్కాను.

"నేనేనండీ."

చప్పట్లు మోగాయి. ముందు వరస పిల్లలు మాత్రం నోళ్లు వెళ్లబెట్టారు. హమ్మయ్య, గండం గడిచిందనుకున్నాను. అధ్యక్షురాలు కలం తీసింది.

"చాలా సంతోషమండీ. మీరేం పని చేస్తారో కూడా చెప్పండి, రాసుకోవాలి."

పిట్ట వైపు చూశాను. వద్దన్నట్టు తల ఊపింది.

"ఈ పిల్లకి ఈత నేర్పిన మాస్టార్నండీ."