మసికాగితం మీద అడుగులు

"మధ్యాహ్నం ఇంటికి ఎవులొచ్చినారు?"

మసికాగితాన్ని భార్య మొహం ముందు పెట్టి అడిగారు జగన్నాధం మేష్టారు.

"ఎవులూ రాలేదు బావా. మిట్టమధ్యానం ఎవులొస్తారు?" అంది నీలవేణి, చేటలో బియ్యం చెరుగుతూనే.

"మరి ఇదేటి?"

నీలవేణి వంగి చూసింది. ఓ మూల 1968 నాటి తారీకు, నల్లటి మసి మీద సన్నటి తెల్లగీతలు, అంతకు మించి ఆమెకేమీ కనిపించలేదు. మేష్టారి సంగతి వేరు. చీపురుపల్లిలో పిల్లలకు సైన్సు చెప్పే ఆయన, ఇంటి మధ్యగదిలో భూకంపాలు పట్టే యంత్రం సొంతంగా కట్టుకున్నారు. బరువైన లోలకం, దాని కొసన సూది, గడియారంతో తిరిగే రేకుడబ్బా. నున్నటి కాగితానికి కిరసనాయిలు దీపం మసి పట్టించి డబ్బాకు చుడితే, సూది దాని మీద గీత గీస్తూ పోతుంది. మర్నాడు ఆ కాగితాన్ని విప్పి, మసి చెరిగిపోకుండా స్పిరిట్లో కరిగించిన లక్కలో ముంచి, ఆరేశాక భూతద్దంతో చదువుకుంటారు. జపాన్‌లో నేల తుమ్మినా ఈయనకు తెలిసిపోవాలి. అందుకోసం ఇంట్లో రోకలి పోటు మాన్పించారు. వడ్లు దంచుకోవాలంటే నీలవేణి పక్కవీధికి పోవాల్సిందే.

జావా అవతల ఎక్కడో భూమి కంపించిందని రేడియో చెప్పింది. దాని గీత కోసమే మేష్టారు కాగితం ముందు కూర్చున్నారు. గీత దొరికింది. దాని పక్కనే మనిషి అడుగులు కూడా దొరికాయి.

గూడ్సుబండి పోతే సూది ఎలా వణుకుతుందో, ఎడ్లబండి పోతే ఎలా వణుకుతుందో ఆయనకు కంఠతా వచ్చు. ఇవి ఆ వణుకులు కావు. అత్తాకోడళ్లు కునుకు తీసే వేళ, సావిట్లోంచి పెరట్లోకి ఎవరో నడిచారు. కాసేపటికి తిరిగి వచ్చారు. ఆ నెల కాగితాలన్నీ తిరగేస్తే, రోజూ అదే వరస.

"నానే పెరట్లోకి ఎల్లుంటాను బావా."

"అయితే ఇప్పుడెల్లు. సూస్తాను."

నీలవేణి నడిచింది. మేష్టారు కూడా నడిచారు. రెండు గీతలూ కాగితం పక్కన పెట్టి చూసుకున్నారు.

"నీ అడుక్కి సూది ఇంతే కదిలింది. నా అడుగు కూడా దీని పక్కన తీసికట్టే. నడిసినోడు ఒక్కడే, గాని మంచి బరువున్న మనిషి. ఎవుడాడు?"

నీలవేణి మొహంలో రంగు మారింది. చేట తీసుకుని వంటింట్లోకి వెళ్లిపోయింది.

"అమ్మా, నువ్వు సెప్పు. ఎవుడొస్తన్నాడు?"

సావిట్లో మంచం మీద కూర్చుని వత్తులు చేసుకుంటున్న దాలమ్మ వంటింటి వైపు ఒక చూపు చూసింది. "ఎవుడొస్తాడు నాయినా? నానిక్కడే ఉన్నాను గదా. నా కళ్లు కాకెత్తుకుపోనాదేటి?"

ఆ చూపు మేష్టారి కంట పడింది. అనుమానం పెనుభూతమని పెద్దలు ఊరికే అనలేదు. భార్య అబద్ధమాడిందనుకుంటే కోపమొచ్చింది. కన్నతల్లి కూడా దాస్తోందనుకుంటే ఏడుపొచ్చింది.

ఆ వీధిలో తనకంటే బరువైన మగవాడు ఒక్కడే. కిరాణా కొట్టు నగరేశ్వరరావు. ఆ సాయంత్రమే కొట్టు దగ్గరికి పోయారు మేష్టారు.

"మధ్యాహ్నం కొట్టు కట్టేసి ఎక్కడికెళ్తారండి?"

"ఎక్కడికెళ్తాను మేష్టారూ? తిని తొంగుంటాను," అని నగరేశ్వరరావు బొజ్జ నిమురుకున్నాడు. మేష్టారు ఆ బొజ్జను కళ్లతోనే తూకం వేశారు. తూకం సరిపోయింది.

మర్నాడు మధ్యాహ్నం బడి గంట కొట్టగానే, రోజూ కేరేజీ అక్కడే విప్పుకునే మనిషి, కేరేజీ వదిలేసి బెత్తం పట్టుకుని ఇంటి దారి పట్టారు. దొంగ దొరికితే సాయంత్రం బండికే నీలవేణిని నౌపడలో పుట్టింట్లో దింపేసి రావాలని దారిలోనే నిశ్చయించుకున్నారు. కొట్టు కట్టేసి ఉంది. ఇంటి వీధితలుపు లోపల గడియ పెట్టి ఉంది.

తలుపు తట్టలేదు. తడితే పారిపోతాడు. సందులోంచి చుట్టూ తిరిగి, పంచె చిరిగినా లెక్కచెయ్యకుండా గోడ దూకి, పెరట్లో పిడకల గూడు చాటున నక్కారు. పదేళ్ల కాపురం ఇలా ముగుస్తుందని ఆయన కలలో కూడా అనుకోలేదు.

లోపల్నుంచి అడుగులు వినిపించాయి. ఒక్క మనిషివే. బరువుగా, ఆగి ఆగి పడుతున్నాయి. మేష్టారు బెత్తం ఎత్తారు. పెరటి తలుపు కిర్రుమంది.

గుమ్మంలో నీలవేణి. నడుం వంగిపోయి ఉంది, మొహమంతా చెమట. ఆమె వీపు మీద దాలమ్మ.

"కాళ్లు పడిపోనాయని బావకి సెప్పీద్దుము అత్తా. నామీద అనుమానపడతన్నాడు," అంటోంది నీలవేణి రొప్పుతూ.

"వద్దే తల్లీ, ఇశాపట్నం పెద్దాసుపత్రిలో పడీసి వచ్చీగలడు," అంది దాలమ్మ కోడలి మెడ గట్టిగా పట్టుకుని. "నువ్వు కాసింత మెల్లగా అడుగెయ్యి, ఆ సూది నా కొడుక్కి సెప్పీగలదు!"