ఇంకొక మనిషి

ఉదయగిరి కొండ కింది వీధిలో తెల్లవారిందంటే ఖలీలుల్లా కేక వినపడాల్సిందే.

"ఇంకొక మనిషుంటే కదిలిపోతాది! రాండప్పా, ఒక చెయ్యెయ్యండి!"

అతనిదో పాత అంబాసిడర్ టాక్సీ. పగలంతా సోమశిల డ్యాం కాంట్రాక్టర్లను ఎక్కించుకుని హుషారుగా తిరుగుతుంది. రాత్రి ఇంటి ముందు ఆపితే చాలు, పొద్దుటికి బ్యాటరీ ఖాళీ. సెల్ఫ్ కొడితే ఒక మూలుగు మూలిగి ఊరుకుంటుంది.

కొత్త బ్యాటరీ వేయించాడు. వారం తిరక్కుండా అదీ అంతే.

"తోసేవాళ్లుండగా దానికేం రోగం!" అని నవ్వేసేవాడు.

తోసేవాళ్లలో ఒక ముసలాయన ఉన్నాడు. ఎవరూ పిలవలేదు. పోయిన కార్తీకం నుంచి తనే వస్తున్నాడు. ఖలీలుల్లా తలుపు తీసేసరికి కారు వెనక నిలబడి ఉండేవాడు. కారు వాలులోకి దిగి ఇంజను అందుకోగానే తలగుడ్డ దులుపుకుని వచ్చిన దారినే వెళ్లిపోయేవాడు. టీ ఇస్తే వద్దనేవాడు.

ఊరికే ఎవరు చేస్తారీ రోజుల్లో? ఖలీలుల్లాకు అదే అనుమానం.

"ఏం పెద్దాయనా, క్లీనర్ పని కావాల్నా? లేకుంటే కారే రాయించుకుందామనా?"

వీధంతా నవ్వింది. ముసలాయన నవ్వలేదు.

"బండి కదిల్తే చాలు సాయిబూ."

ఒకరోజు తోస్తూ తోస్తూ బోర్లా పడ్డాడు. మోకాలు చిట్లి పంచె ఎర్రబడింది. ఖలీలుల్లా పరుగున దిగి వచ్చేలోపే లేచి, మళ్లీ భుజం ఆనించాడు.

"నువ్వు పోయి కూర్చో సాయిబూ. ఇంకొంచెం తోస్తే వాలే గదా."

ఖలీలుల్లా మనసు చివుక్కుమంది. ఆ రోజు ఆత్మకూరులో బాడుగ దించేసి, నేరుగా మెకానిక్ సుభాన్ షెడ్డుకు పోయాడు.

సుభాన్ తాళంచెవి తీసేశాడు. లైట్లన్నీ ఆర్పేశాడు. బ్యాటరీ తీగ ఒకటి ఊడదీసి మళ్లీ తాకించాడు. చిటుక్కున రవ్వ లేచింది.

"చూసినావా భాయ్? అన్నీ ఆపి ఉండామా, అయినా కరెంటు యాడికో పోతా ఉండాది."

బ్యాటరీకీ డైనమోకీ మధ్య ఉండే కటౌట్ డబ్బా మూత విప్పాడు.

"ఇదిగో దొంగ! ఇంజను ఆగితే ఈ పాయింట్లు రెండూ విడిపోవాల. అతుక్కపోయి ఉండాయి. రాత్రంతా బ్యాటరీని డైనమో తాగేస్తా ఉండాది. ఇన్నాళ్లూ ఏం చేస్తా ఉండావు?"

"తోస్తా ఉండారులే అని..." నసిగాడు ఖలీలుల్లా.

పని గంట కూడా పట్టలేదు.

మర్నాడు ముసలాయన కుంటుకుంటూ వచ్చి కారు వెనక నిలబడ్డాడు. ఖలీలుల్లా సెల్ఫ్ కొట్టాడు. ఒక్క దెబ్బకు ఇంజను అందుకుంది.

"చూడు పెద్దాయనా! ఇంక నీతో పని లేదు, పో!" సంతోషంగా అరిచాడు.

ముసలాయన ముందుకొచ్చాడు.

"వానలో కూడా ఇట్లే లేస్తాదా?"

"ఎంత వానైనా!"

"అర్ధరాత్రి ఎవురన్నా వచ్చి పిలిస్తే?"

"ఎవురొచ్చినా, ఎప్పుడొచ్చినా!"

ముసలాయన అదురుతున్న బానెట్ మీద చెయ్యి పెట్టి కాసేపు అట్లాగే నిలబడ్డాడు. కళ్లలో నీళ్లు తిరిగాయి. తలగుడ్డతో తుడుచుకుని వెళ్లిపోయాడు. మళ్లీ రాలేదు.

మాట తూలానేమోనని ఖలీలుల్లాకు ఒకటే బాధ. కనిపిస్తే పక్కన కూర్చోబెట్టుకుని ఆత్మకూరు దాకా ఒకసారి తిప్పుకు రావాలనుకున్నాడు.

వానలు మొదలయ్యాక ఒక బాడుగ కొండాపురం వైపు చెరువు కింది పల్లెకు తగిలింది. ముసలాయన రోజూ వచ్చేది ఆ దోవనే గదా అని తలగుడ్డ, కుంటినడక చెప్పి అడిగితే ఒక గుడిసె చూపించారు. వాకిట్లో ముసలామె, వెంగమ్మ, ఒక్కతే కూర్చుని ఉంది.

"పెద్దాయన లేడా అవ్వా?"

"మా ఇంటాయన కామయ్యా? జొరమొచ్చి పోయిన వారమే పోయినాడు నాయనా."

 ఖలీలుల్లా దగ్గరికొచ్చి అడిగాడు.

"రోజూ అంత దూరం నడిచి నా కారు తోసేదానికి ఎందుకొచ్చేవాడవ్వా?"

వెంగమ్మ అప్పుడు చూసింది, గుడిసె ముందు ఆగిన కారును.

"నువ్వా సాయిబూ... పోయినేడు వానల్లో ఒక రాత్రి మా కూతురు మాలకొండమ్మకు నొప్పులొస్తే ఎద్దులబండిలో నీ ఇంటి కాడికే తెచ్చినాడు. ఆత్మకూరు ఆసుపత్రికి పోదామని. నీ బండి లేవలా. బురదలో ఒక్కడే తోసినాడు, కదల్లా. ఎద్దులబండి మీదే పోతా ఉంటే దోవలోనే బిడ్డా, కడుపులో బిడ్డా..."

ఖలీలుల్లాకు గుర్తొచ్చింది. గొంగడి కప్పుకుని, తల వంచుకుని తోసిన మనిషి. ఆ వానలో ముఖమే చూడలేదు. ఎద్దులబండి మలుపు తిరగ్గానే తలుపేసుకుని పడుకున్నాడు తను.

అతను వెంగమ్మ ముందు చేతులు జోడించాడు.

"నీ మీద కోపం లేదు నాయనా ఆయనకు," అంది వెంగమ్మ. "'ఇంకొక మనిషుంటే కదిలిపోయేది' అన్నావంట గదా ఆ రాత్రి, ఇంకే ఆడబిడ్డకూ ఆ ఇంకొక మనిషి కరువు కాకూడదని, బిడ్డ పెద్దదినం అయిన తెల్లారి నించీ తనే వచ్చి నిలబడినాడు."