పురుగు లేని ఊరు

కృష్ణకు పెద్ద వరదొచ్చిన ఏడాది, నీళ్లు తీశాక పిచ్చయ్య పత్తికాయల్లో పురుగు దూరింది. ఉరుకుల పరుగుల మీద సత్తెనపల్లి రైతు సలహా కేంద్రానికి వెళ్లాడు.

అక్కడ పనిచేసే హారిక కంప్యూటర్ చూసి తల అడ్డంగా ఊపింది. "పురుగుమందు బండి రాదు పెదనాన్నా. మీ ఊళ్లో పురుగే లేదంటోంది."

"అవతల చేను తినేస్తుంటే! ఎవడమ్మా దానికి చెప్పింది?"

"మీరే. మొన్న మీ ఊళ్లో నలభై మందికి ఫోన్ చేశా. అందరూ లేదన్నారు. మీరూ అన్నారు."

చేనుకు పురుగు పట్టిందంటే పరువు పోతుందని తానొక్కడే దాచాననుకున్నాడు పిచ్చయ్య ఇన్నాళ్లూ.

"ఇప్పుడు ఉందని రాయి తల్లీ."

"ఒక్కరి మాటకు బండి కదలదు."

మర్నాడు పొద్దున్నే ఊళ్లో టీ కొట్టు బల్లమీద, తోటి రైతుల ముందు తువ్వాలు విప్పి పుచ్చిపోయిన పత్తికాయలన్నీ కుమ్మరించాడు.

"నా చేలోవేరా. ఇక మీవీ తియ్యండి."